మా వాకిట్లో బల్గా చెట్టు ఎండిపోతోంది, గడ్డిచెట్ల గురించి తెలిసినవారు చెప్పగలరా?

పెర్త్‌పెరడు · మే 14, రాత్రి 9:20

అందరికీ నమస్కారం. మేము ఆస్ట్రేలియాలో పెర్త్ దక్షిణ శివార్లలో ఉంటాం. మా నేల బూడిద రంగు ఇసుక. గుప్పిట్లో పట్టుకుంటే నిలవదు. ఇల్లు కట్టుకున్న కొత్తలో కరివేపాకు, మల్లె, మునగ అన్నీ పెట్టుకున్నాం. ఈ గడ్డ మీద పుట్టిన చెట్టు కూడా ఒకటి వాకిట్లో ఉండాలనిపించి రెండేళ్ళ క్రితం బల్గా అనే గడ్డిచెట్టు కొన్నాను. శాస్త్రీయ నామం జాంథోరియా ప్రైసీ. మాను మీటరుంపావు ఎత్తు, నల్లగా కాలిన మొద్దులా ఉంటుంది. దాని మీద సన్నని ఆకులు జుట్టు విరబోసుకున్నట్టు చుట్టూ పరుచుకుని ఉంటాయి. మా నాన్నగారు ఊరి నుంచి వచ్చినప్పుడు దాని ముందు చాలాసేపు నిలబడి, "ఇది ఈతా, మొగలా, బోదగడ్డా?" అని అడిగారు.

మొదటి ఏడాది బాగానే ఉంది. కొత్త ఆకులు కూడా వేసింది. మొన్నటి వేసవిలో, అంటే డిసెంబరు తర్వాత, ఆకుల కొసలు ఎండడం మొదలైంది. ఇప్పుడు పై భాగమంతా గోధుమ రంగులోకి తిరుగుతోంది. అమ్మిన నర్సరీవారిని అడిగితే "ఇవి నెమ్మదిగా పెరిగే చెట్లు, ఓపిక పట్టండి" అన్నారు. వారానికి ఒకసారి నీళ్ళు పెడుతున్నాను. ఎరువు వేయలేదు. ఏం చేయాలో చెప్పండి. దాని వయసు వందేళ్ళకు పైనే ఉంటుందని అమ్మేటప్పుడు చెప్పారు. అంత వయసున్న చెట్టు నా చేతిలో పోతుందేమోనని దిగులుగా ఉంది.

కొండదారి · మే 14, రాత్రి 10:05

ముందు మొవ్వు చూడండి. తాటికీ కొబ్బరికీ చూసినట్టే. నడిమధ్య ఉన్న ఆకులు నాలుగైదు కలిపి పట్టుకుని నెమ్మదిగా పైకి లాగండి. గట్టిగా ఉండి, మొదళ్ళు తెల్లగా, పచ్చగా కనిపిస్తే ప్రాణం ఉన్నట్టు. ఊడి చేతిలోకి వచ్చి, మొదలు గోధుమ రంగులో మెత్తగా ఉంటే కష్టం. బయటి వరస ఆకులు ఎండడం మాత్రం సహజం. అడవిలో ఆ ఎండాకులు రాలిపోవు, కిందికి వాలి మాను చుట్టూ పావడాలా వేలాడుతూ ఉంటాయి. వాటిని చూసి భయపడవద్దు.

విత్తనాలబుట్ట · మే 15, ఉదయం 6:40

తమ్ముడూ, మీరు కొన్న చెట్టుకు పచ్చరంగు ప్లాస్టిక్ చీటీ లాంటిది ఏదైనా కట్టి ఉందా? రోడ్డు కోసమో, గని కోసమో అడవిని చదును చేసే చోట అనుమతి తీసుకుని తవ్వి తెచ్చిన చెట్లు చాలావరకు ఇలాగే అమ్మకానికి వస్తాయి. ఆ అనుమతికి గుర్తుగా చీటీ ఉంటుంది. మీటరుంపావు మాను ఉన్న బల్గాను ఏ నర్సరీ కూడా విత్తనం నుంచి పెంచి అమ్మలేదు. పెంచాలంటే ఆ నర్సరీని తాత మొదలుపెట్టి మనవడు అమ్మాలి.

ఎందుకంటే ఈ చెట్టు ఎదిగే పద్ధతి వేరు. విత్తనం మొలిచిన తర్వాత ఏళ్ళ తరబడి అది గడ్డి దుబ్బులాగే కనిపిస్తుంది. ఆ సమయంలో కాండం నేల లోపలే ఉంటుంది. వేళ్ళు ముడుచుకుంటూ మొక్కను లోపలికి లాక్కుంటాయి. పెరిగే మొన మట్టి కింద దాక్కుంటుంది కాబట్టి పైన నిప్పు వచ్చినా, కంగారూ మేసినా మొక్క చావదు. తగినంత బలం కూడిన తర్వాతే మాను నేల పైకి వస్తుంది. అప్పటి నుంచి కూడా ఏడాదికి సెంటీమీటరో, రెండు సెంటీమీటర్లో. నేలను బట్టి, వానను బట్టి, జాతిని బట్టి మారుతుంది. అందుకే "మీటరుకు వందేళ్ళు" అని అందరూ చెప్పే లెక్కను నేను పూర్తిగా నమ్మను, కొట్టిపారేయను కూడా. ఆ మాను భూమిలో గడిపిన ఏళ్ళు ఆ లెక్కలోకి రావు.

ఇంకో మాట. దాన్ని మాను అంటున్నాం గానీ లోపల వేప, టేకు చెట్లకు ఉండే కలప ఉండదు. మధ్యలో పీచు లాంటి సన్నని కాండం. దాని చుట్టూ పాత ఆకుల మొదళ్ళు వరస మీద వరసగా పేర్చుకుని, వాటి నుంచి కారిన జిగురుతో ఒకదానికొకటి అతుక్కుని గట్టిపడతాయి. మీకు నల్లగా కనిపించేది ఆ జిగురూ ఆ మొదళ్ళూ నిప్పులో మాడిన పై పొర. జాంథోరియా అనే పేరు కూడా జిగురును బట్టి వచ్చిందే. గ్రీకు భాషలో పసుపు, కారడం అనే రెండు మాటలు కలిపి పెట్టారు.

ఇప్పుడు మీ చెట్టు సంగతి. యంత్రంతో తవ్వినప్పుడు వేళ్ళు చాలావరకు తెగిపోతాయి. మిగిలిన వేళ్ళతో పాటు ఉండే శిలీంధ్రాలు కూడా పోతాయి. అవి వేళ్ళతో కలిసి బతుకుతూ ఈ పేద ఇసుకలో పోషకాలు వెదికి తెచ్చి ఇస్తాయి. అయినా చెట్టు వెంటనే చావదు. కాండంలో దాచుకున్న పిండి పదార్థంతో ఏడాది, రెండేళ్ళు నెట్టుకొస్తుంది, కొత్త ఆకులు కూడా వేస్తుంది. మనం నాటుకుందని సంతోషిస్తాం. ఆ నిల్వ అయిపోయేలోగా కొత్త వేళ్ళు సాగితే నిలుస్తుంది, లేకపోతే మీరు చెప్పినట్టే రెండో వేసవిలో ఎండడం మొదలవుతుంది. "ఓపిక పట్టండి" అన్న మాట ఇక్కడ పనికిరాదు.

రైతుబిడ్డ బ్రిస్బేన్ · మే 15, ఉదయం 8:15

ఇక్కడ మాకు తెలిసిన పాతకాపు తోటమాలులు బక్కెట్ నీళ్ళలో ఒక కప్పు బెల్లపు పొడి లాంటి ముదురు చక్కెర కరిగించి మొదట్లో పోస్తారు. మా ఇంట్లో ఉన్నది జాంథోరియా జాన్సొనియై. నేనూ నెలకోసారి మూడు నెలలు పోశాను. ఇప్పుడు బాగుంది. ప్రయత్నించి చూడండి.

విత్తనాలబుట్ట · మే 15, ఉదయం 11:30

అన్నయ్యా, మీ చెట్టు బాగుండటం సంతోషం. కానీ చక్కెరను మందుగా చెప్పడం నాకు ఇష్టం లేదు. మట్టిలోని సూక్ష్మజీవులకు అది మేత అవుతుందన్నది నిజమే. ఆ మేతతో వేళ్ళకు కావలసిన శిలీంధ్రమే పెరుగుతుందన్న హామీ ఎక్కడుంది? మీరు చక్కెరతో పాటు మూడు నెలలు క్రమం తప్పకుండా బక్కెట్ల కొద్దీ నీళ్ళు కూడా పోశారు. నా ఉద్దేశంలో దాన్ని నిలబెట్టింది ఆ నీళ్ళు.

తమ్ముడూ, మీ సమస్య నీరే అనిపిస్తోంది. కరువును తట్టుకునే చెట్టు అని చదివి వారానికి ఒకసారి చాలనుకున్నారు. వేళ్ళున్న చెట్టు తట్టుకుంటుంది. వేళ్ళు తెగిన చెట్టు కుండీ మొక్కతో సమానం. పైగా మన బూడిద ఇసుకకు ఒక జబ్బు ఉంది. వేసవిలో బాగా ఎండితే ఇసుక రేణువుల మీద మైనం లాంటి పొర పేరుకుని నీటిని పీల్చుకోదు. పైపు పెట్టి పావుగంట పోసినా నీళ్ళు పక్కలకు జారిపోతాయి, కింద పొడిగానే ఉంటుంది. ఒకసారి మాను పక్కన జానెడు లోతు తవ్వి చూడండి.

పెర్త్‌పెరడు · మే 16, సాయంత్రం 5:50

అక్కా, తవ్వాను. మీరు చెప్పింది అక్షరాలా నిజం. నిన్న సాయంత్రం నీళ్ళు పెట్టాను. ఇవాళ చూస్తే పైన రెండు వేళ్ళ మందం తడిగా ఉంది, దాని కింద ఇసుక దుమ్ములా లేచింది. రెండేళ్ళుగా నేను తడిపింది ఆ రెండు వేళ్ళ మందమే. చీటీ కూడా ఉంది, మాను వెనక తీగతో కట్టి ఉంది. ఇన్నాళ్ళూ ధర చీటీ అనుకున్నాను.

మొవ్వు లాగి చూశాను. మధ్య ఆకులు ఇంకా గట్టిగానే ఉన్నాయి. మొదళ్ళు లేత ఆకుపచ్చ. ఇప్పుడు ఏం చేయమంటారు?

విత్తనాలబుట్ట · మే 16, రాత్రి 8:10

ఆశ ఉంది. ఇసుక నీరు పీల్చుకునేలా చేసే మందు తోట సామాన్ల దుకాణాల్లో దొరుకుతుంది. అది కలిపి చుట్టూ మీటరు మేర తడపండి. మాను మొదట్లోనే పోయకుండా వేళ్ళు సాగవలసిన చోట కూడా పోయండి. వారానికి రెండుసార్లు నెమ్మదిగా, లోతుగా. జూన్ 1 నుంచి ఆగస్టు 31 వరకు మన ఊళ్ళో స్ప్రింక్లర్లు వాడకూడదు కదా, చేత్తో పైపు పట్టుకుని పోయడానికి అడ్డు లేదు. తడిసిన తర్వాత పైన చెక్కపొట్టు పరచండి, మానుకు తగలకుండా.

ఆకులను సగానికి కత్తిరించండి. వేళ్ళు తక్కువగా ఉన్నప్పుడు అంత ఆకును మోయలేదు. కత్తిరించేటప్పుడు అన్నీ ఒకే ఎత్తులో, బల్ల చెక్కినట్టు సమంగా కోయండి. అందులో ఒక లాభం ఉంది. ఈ ఆకు కొస నుంచి పెరగదు, మొదలు నుంచి పైకి జరుగుతుంది. కాబట్టి కోసిన ఆకు కూడా పొడవు పెరుగుతుంది. మధ్య ఆకుల కోత అంచు బయటి ఆకుల కంటే పైకి లేస్తే ఎదుగుతున్నట్టు. నెల తర్వాత స్కేలు పెట్టి కొలవండి.

భాస్వరం ఎక్కువగా ఉన్న ఎరువు, పశువుల ఎరువు, కోళ్ళ ఎరువు జోలికి పోవద్దు. ఇక్కడి నేలల్లో భాస్వరం అతి తక్కువ, ఈ మొక్కలు దానికే అలవాటు పడ్డాయి. కావాలంటే ఆస్ట్రేలియా స్థానిక మొక్కల కోసం అమ్మే ఎరువే, అదీ చెట్టు కోలుకున్న తర్వాతే.

మెల్బోర్న్‌మొక్కలు · మే 17, ఉదయం 7:00

ఒక హెచ్చరిక. ఎండడానికి కారణం నీటి కొరత కాకుండా వేరుకుళ్ళు కూడా కావచ్చు. దానికి కారణం ఫైటాఫ్తోరా సినమోమి అనే సూక్ష్మజీవి. 1922లో సుమత్రాలో దాల్చిన చెట్ల మీద మొదట గుర్తించారు. ఇక్కడికి వచ్చాక అడవులకు అడవులను మట్టుపెట్టింది. గడ్డిచెట్లంటే దానికి మరీ సులువైన ఎర. మా విక్టోరియాలో బ్రిస్బేన్ రేంజెస్ అనే కొండల్లో జాంథోరియా ఆస్ట్రాలిస్ పెద్ద ఎత్తున చచ్చిపోయింది. అక్కడ నడుస్తుంటే మాను లేకుండా బూడిద రంగు గుట్టలు కనిపిస్తాయి. చెట్టు చచ్చాక జిగురు విడిపోయి, ఆకుల మొదళ్ళు పొలుసుల్లా ఊడి కుప్పబడతాయి. ఒకప్పుడు నా ఎత్తున నిలబడిన చెట్టు నా మోకాలి ఎత్తు కుప్పగా మారడం దగ్గర నుంచి చూశాను.

మన బత్తాయి తోటల్లో బంక తెగులు వస్తుందే, దానికి కారణమైన సూక్ష్మజీవి కూడా ఈ ఫైటాఫ్తోరా జాతిదే. తడి మట్టిలో దాని బీజాలు ఈదుకుంటూ వెళ్ళి లేత వేళ్ళను పట్టుకుంటాయి. బూటుకు అంటిన మట్టితో, బండి చక్రంతో, కుండీ మట్టితో వ్యాపిస్తుంది. అడవి బాట మొదట్లో బూట్లు తోముకోవడానికి బ్రష్షులు, మందు నీళ్ళు పెడతారు కదా, అవి దీని కోసమే. దయచేసి ఎవరూ వాటిని దాటుకుని వెళ్ళవద్దు. పది సెకన్ల పని.

కొండదారి · మే 17, రాత్రి 9:45

మెల్బోర్న్‌మొక్కలు గారి మాటకు నా వంతు కూడా. పెర్త్ తూర్పున ఉన్న కొండల్లో నేను వారం వారం నడుస్తాను. జారా చెట్ల అడవిలో ఈ తెగులు సోకిన చోటికీ సోకని చోటికీ మధ్య గీత గీసినట్టు తేడా తెలుస్తుంది. గీతకు ఇటువైపు బల్గాలు పచ్చగా ఉంటాయి, అటువైపు పసుపెక్కి వాలిపోయి ఉంటాయి. ఫాస్ఫైట్ అనే మందు ఆకులపై చల్లో, మానులోకి ఎక్కించో కొంతవరకు కాపాడుతున్నారు. అది చెట్టుకు తట్టుకునే శక్తి ఇస్తుంది గానీ మట్టిలోని తెగులును చంపదు.

నిప్పు గురించి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను చెబుతాను. ఒక వేసవిలో మేము నడిచే కొండవాలు మొత్తం కాలిపోయింది. రెండు వారాల తర్వాత దారి తెరిచారు. నేల మీద బూడిద తప్ప ఏమీ లేదు, యూకలిప్టస్ మానులు బొగ్గులా ఉన్నాయి. ఆ నల్లదనం మధ్యలో ప్రతి బల్గా నెత్తి మీదా చిన్న పచ్చటి కుచ్చు. దగ్గరికి వెళ్ళి చూస్తే పాత ఆకుల కాలిన మొదళ్ళనే తోసుకుంటూ పైకి వస్తోంది. కొసలు మాడి నల్లగా ఉన్నాయి, కింద నాలుగు వేళ్ళ మేర లేత ఆకుపచ్చ. దట్టంగా పేర్చుకున్న ఆకుల మొదళ్ళు లోపలి మొవ్వుకు వేడి తగలనివ్వలేదన్నమాట.

మళ్ళీ చలికాలం దాటి వసంతంలో వెళ్ళాను. దాదాపు ప్రతి చెట్టూ కంకి వేసింది. సజ్జకంకిని మనిషి కంటే ఎత్తుగా ఊహించుకోండి, అలా ఉంటుంది. మాను ఏడాదికి సెంటీమీటరు పెరిగే చెట్టు, ఆ కంకిని కొన్ని వారాల్లో రెండు మీటర్లు లేపుతుంది. కంకి నిండా తెల్లటి చిన్న చిన్న పూలు. పూలు ముందు ఉత్తరం వైపు విచ్చుకుంటాయి. ఈ అర్ధగోళంలో సూర్యుడు ఉత్తరాన ఉంటాడు కాబట్టి ఎండ తగిలే వైపు ముందు తెరుచుకుంటాయి. దారి తప్పిన వారికి దిక్కు చెప్పే చెట్టు అన్నమాట. తేనెటీగలు, చీమలు, తేనె తాగే పిట్టలు, అన్నీ ఆ కంకుల మీదే. ముట్టుకుంటే వేళ్ళకు తేనె అంటింది.

రైతుబిడ్డ బ్రిస్బేన్ · మే 18, ఉదయం 6:30

నిప్పు పడితే పూస్తుందంటే, పొగలోని ఇథిలీన్ వల్ల. మామిడిని, అరటిని మగ్గబెట్టే వాయువే. మన విశాఖ మన్యంలో అనాస తోటలన్నీ ఒకేసారి పూత పట్టడానికి ఎథ్రెల్ వాడతారు కదా, అది విడుదల చేసేది కూడా ఇథిలీనే. రెండు వేర్వేరు ఖండాల మొక్కలు ఒకే వాయువుకు పూస్తాయి. ఇది తెలిసినప్పుడు నాకు చాలా ఆశ్చర్యం వేసింది.

పశువులు ఉన్నవారికి ఒక మాట: క్వీన్స్‌లాండ్‌లో కొన్ని జాతుల గడ్డిచెట్ల కంకులు, లేత ఆకులు తిన్న పశువులకు విషం ఎక్కుతుంది. వెనక కాళ్ళు పట్టు తప్పి తూలుతాయి. మేత తక్కువైనప్పుడు, కాలిన తర్వాత లేత చిగుర్లు వచ్చినప్పుడు కంచె వేసుకోవాలి.

పెర్త్‌పెరడు · మే 18, సాయంత్రం 6:15

అయితే నేను మా చెట్టుకు నిప్పు పెడితే కోలుకుంటుందా? ఎదురింటివారు వాళ్ళ బల్గా పావడాకు ఏటా నిప్పు పెడతారు. మరుసటి నెలలో నిగనిగలాడుతూ ఆకు వస్తుంది.

విత్తనాలబుట్ట · మే 18, సాయంత్రం 6:40

వద్దు తమ్ముడూ. దయచేసి ఇప్పుడు వద్దు. నిప్పు తర్వాత ఆకు తిరిగి వేయాలంటే చెట్టు తన నిల్వనే ఖర్చు పెట్టాలి. పూత అయితే మరీ పెద్ద ఖర్చు. కంకి వేసిన చోట ఆ మొన ఎదుగుదల ఆగిపోతుంది, పక్క నుంచి కొత్త మొన లేచి మానును కొనసాగించాలి. రెండు మొనలు లేస్తేనే రెండు తలల చెట్టు అవుతుంది. వేళ్ళు పటిష్ఠంగా ఉన్న చెట్టుకు అదంతా భరించే శక్తి ఉంటుంది. మీ చెట్టుకు ఇప్పుడు లేదు. తవ్వి తెచ్చిన చెట్టు బోలెడంత పూసిందని మురిసిపోయిన వాళ్ళను చూశాను. అది చివరి పూత కావచ్చు.

ఎదురింటివారి చెట్టు ఆ స్థలంలో పుట్టి పెరిగినదై ఉంటుంది. నిప్పు పెట్టడానికి కూడా ఊరి కౌన్సిల్ నిబంధనలు ఉన్నాయి, వేసవి నెలల్లో పూర్తిగా నిషేధం. ఆ పావడా కింద ఏమున్నాయో చూడకుండా ఎవరూ అగ్గిపుల్ల గీయకూడదని నా కోరిక. కొండ అడవుల్లో మార్డో అనే ఎలుకంత చిన్న సంచిజంతువు అక్కడ గూడు పెట్టుకుంటుంది. పెరట్లో అయినా బల్లులు, తొండల జాతివి ఉంటాయి.

అడిలైడ్ అత్తయ్య · మే 21, మధ్యాహ్నం 2:20

మా దగ్గర దీన్ని యాకా అంటారు. లోఫ్టీ కొండల రాతి వాలుల్లో ఉండేది జాంథోరియా క్వాడ్రాంగులాటా. ఒక ఆకు తెంపి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య దొర్లించి చూడండి, గుండ్రంగా దొర్లదు, నాలుగు పలకలు తగులుతాయి. మొత్తం ఆస్ట్రేలియాలో ఇరవై ఎనిమిది జాతుల వరకు ఉన్నాయి, ఈ ఖండం దాటి ఎక్కడా సహజంగా పెరగవు.

కంగారూ ద్వీపంలో ఒకప్పుడు యాకా జిగురు పెద్ద వ్యాపారం. మానుల పై పొర నరికి, జల్లించి, జిగురును ఓడల్లో ఎగుమతి చేసేవారు. వార్నిష్‌లకు, ధూపానికి వాడేవారు. నేను ఒకసారి రోడ్డు పక్కన పడిన చచ్చిన మొద్దు నుంచి చిన్న ముక్క తెచ్చి నిప్పు మీద వేశాను. మన గుగ్గిలానికి దగ్గరగా వాసన వచ్చింది, ఇంకొంచెం తీపి. ఆ సాయంత్రం ఇల్లంతా పండగ వాసన.

అదే ద్వీపంలో ఒక పచ్చటి వడ్రంగి తేనెటీగ ఉంది. మెరిసే లోహపు ఆకుపచ్చ, బొటనవేలి గోరు కంటే పెద్దది. యాకా పూసి ఎండిన కంకి కాడల్లో అది తొలుచుకుని గూడు పెడుతుంది. 2019–20 కార్చిచ్చులో ద్వీపంలో చాలా భాగం కాలిపోయాక దానికి ఇళ్ళు కరువయ్యాయి. కాలిన చెట్లు మళ్ళీ పూసి, ఆ కాడలు ఎండేవరకు గూళ్ళ కోసం కృత్రిమ కాడలు నిలబెట్టారు. అందుకే నా వేడుకోలు: మీ పెరట్లో కంకి ఎండిపోతే వెంటనే నరికి పారేయకండి. అలాగే ఉండనివ్వండి.

శేషాచలం నీడ · మే 23, రాత్రి 11:00 (భారత సమయం)

తిరుపతి నుంచి రాస్తున్నాను. ఈ చర్చ చదువుతుంటే మా కొండల్లో ఉండే సైకస్ బెడ్డోమీ గుర్తొచ్చింది. దానికీ ఈతను పోలిన ఆకులు, పాత ఆకుల మొదళ్ళతో కప్పిన పొట్టి మాను. కొండకు నిప్పు అంటుకున్నా మళ్ళీ చిగురిస్తుంది. ఇది శేషాచలం, కడప కొండల వైపు తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా లేదు. అంతరించే జీవుల వ్యాపారాన్ని అదుపు చేసే సైట్స్ అనే అంతర్జాతీయ ఒప్పందం మొదటి పట్టికలో పెట్టి, అడవి నుంచి తెచ్చిన వీటి వాణిజ్య వ్యాపారాన్ని నిషేధించారు. గడ్డిచెట్టూ ఇదీ చుట్టాలా? గడ్డిచెట్టు విత్తనాలు ఇక్కడికి తెప్పించుకుని పెంచవచ్చా?

విత్తనాలబుట్ట · మే 24, ఉదయం 7:15

చుట్టాలు కావండీ. సైకస్ పూలే పూయని ప్రాచీన జాతి. గడ్డిచెట్టు పూల మొక్క, ఏకదళబీజం. దానికి అసలు చుట్టం మీ ఇంటి గుమ్మానికి కట్టే కలబంద. ఇప్పటి వర్గీకరణలో రెండూ ఆస్ఫోడెలేసీ కుటుంబమే. ఎండకు ఎదురొడ్డి రెండు చోట్ల రెండు వేర్వేరు మొక్కలు ఒకే రూపం తెచ్చుకున్నాయి. ఇక్కడ కూడా అలాంటిది ఉంది. కింజియా అనే చెట్టును దూరం నుంచి చూస్తే బల్గా అనుకుంటారు. దగ్గరికి వెళ్తే ఒక్క పొడవాటి కంకికి బదులు తల చుట్టూ డోలు కర్రల్లా గుండ్రటి పూలు. దాని కుటుంబం వేరు.

విత్తనాలు తెప్పించుకోవాలంటే భారత ప్రభుత్వ మొక్కల క్వారంటైన్ అనుమతి, ఇక్కడి నుంచి ఆరోగ్య ధ్రువపత్రం, రెండూ కావాలి. జేబులో వేసుకుని మాత్రం ఎవరూ తేకూడదు. నా సలహా అడిగితే, మీ కొండల మీద పుట్టిన సైకస్‌ను కాపాడుకోవడమే మీకు దగ్గరి పని. ఇక్కడ మాకు బల్గా ఎంతో అక్కడ మీకు అది అంత.

కొండదారి · మే 24, రాత్రి 8:30

పేరు గురించి. బల్గా అన్నది ఈ నైరుతి ప్రాంతపు మూలవాసులైన నూంగార్ల మాట. పాత పుస్తకాల్లో, పాత నర్సరీ బోర్డుల మీద ఇంకో పేరు కనిపిస్తుంది, అది వాళ్ళను కించపరిచే పేరు. ఇప్పుడు వాడరు, మనమూ వాడకూడదు.

ఈ చెట్టు వాళ్ళకు ఇంటి చుట్టూ ఉండే కొబ్బరి మనకెంతో అంత. కంకిని నీళ్ళలో నానబెట్టి తీపి పానీయం చేసేవారు. జిగురులో బొగ్గు పొడి, కంగారూ పేడ కలిపి వేడిచేసి కోడ్జ్ అనే రాతి గొడ్డలికి పిడి బిగించేవారు. కొడవలి పిడిలో మన పల్లెల్లో లక్క పోసి బిగించినట్టే. ఎండిన కంకి కాడను మరో కాడ మీద నిలబెట్టి అరచేతుల మధ్య గిరగిర తిప్పి నిప్పు పుట్టించేవారు. యజ్ఞానికి అరణి మథించడం చూసినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. చచ్చిన మానులో ఉండే బార్డీ పురుగులు ఆహారం. ఒక నూంగార్ పెద్దాయన మా నడక బృందానికి ఇవన్నీ చూపిస్తూ, బతికున్న చెట్టు మొవ్వు తీయడం అంటే చెట్టును చంపడమేనని, అది ఊరికే చేసే పని కాదని చెప్పారు.

పెర్త్‌పెరడు · జూన్ 19, ఉదయం 10:00

కొలిచాను. కోత అంచు మధ్యలో 2 సెంటీమీటర్లు పైకి లేచింది! వారానికి రెండుసార్లు నీళ్ళు, ఇసుక మందు, చెక్కపొట్టు, అన్నీ అక్క చెప్పినట్టే చేశాను. ఇప్పుడు తవ్వి చూస్తే మూరెడు లోతు వరకు తడిగా ఉంది.

విత్తనాలబుట్ట · జూన్ 19, ఉదయం 10:20

సంతోషం తమ్ముడూ. కానీ ఇది నిల్వ నుంచి వచ్చిన పెరుగుదల కూడా కావచ్చు. వచ్చే వేసవి దాటితే అప్పుడు నమ్ముదాం.

పెర్త్‌పెరడు · సెప్టెంబరు 30, రాత్రి 8:50

చెట్టు పోయింది.

ఆగస్టు నుంచి పెరుగుదల ఆగింది. ఇవాళ మొవ్వు పట్టుకుంటే మొత్తం కుచ్చు చేతిలోకి వచ్చేసింది. మొదలు గోధుమ రంగు, పులిసిన వాసన. మాను పక్కన నెమ్మదిగా తవ్వి చూశాను. కొత్త వేరు ఒక్కటీ లేదు. నర్సరీలో రంపంతో కోసిన పాత వేళ్ళ మొండాలు మాత్రం కోసిన చోటే నల్లబడి ఉన్నాయి. రెండేళ్ళూ అది తనను తాను తింటూ పచ్చగా కనిపించిందన్నమాట. నా మనసు ఏమీ బాగాలేదు. నేను కొనకపోయినా దాన్ని అక్కడి నుంచి తవ్వేవారేనని సర్దిచెప్పుకుంటున్నాను.

అడిలైడ్ అత్తయ్య · సెప్టెంబరు 30, రాత్రి 9:30

బాధపడకు నాయనా. మొద్దును పెరికేయవద్దు. కదలకుండా నాలుగు రాళ్ళు ఆనించి అలాగే ఉంచు. చిన్న ప్రాణులకు పనికొస్తుంది.

మెల్బోర్న్‌మొక్కలు · అక్టోబరు 1, ఉదయం 6:50

ఉంచే ముందు వేరు ముక్క, కొంచెం మట్టి ప్రయోగశాలకు పంపి ఫైటాఫ్తోరా లేదని తేల్చుకోండి. ఉంటే ఆ మట్టిని కదపకూడదు, ఆ పార, ఆ బూట్లు వేరే మొక్కల దగ్గరికి తీసుకెళ్ళకూడదు.

మళ్ళీ పెట్టదలిస్తే చిన్నది పెట్టండి. మా ఇంట్లో జాంథోరియా మైనర్ ఉంది. దీనికి నేలపైన మాను ఉండదు, దుబ్బులాగే ఉంటుంది. నర్సరీలో విత్తనం నుంచి పెంచిన చిన్న కుండీ మొక్కగా తెచ్చాను. చిన్న పెరడుకు సరిపోతుంది.

పెర్త్‌పెరడు · అక్టోబరు 23, సాయంత్రం 7:05

పరీక్ష ఫలితం వచ్చింది, తెగులు లేదు. మొద్దును రాళ్ళు ఆనించి ఉంచాను. ఒక నీలినాలుక బల్లి దాని మొదట్లో చేరింది.

విత్తనాలబుట్ట · ఏప్రిల్ 9, ఉదయం 9:00

తమ్ముడూ, మా పెరటి బల్గా కంకి వేసవిలో ఎండి గింజలు రాల్చింది. అడవిలో గింజ ఏరాలంటే లైసెన్సు కావాలి గానీ ఇది మా ఇంటి చెట్టే. నలభై గింజలు కవరులో పెట్టి ఉంచాను, ఆదివారం వచ్చి తీసుకెళ్ళండి. నూంగార్ల లెక్కలో ఇప్పుడు జెరాన్ రుతువు, ఎండ తగ్గి మట్టి వెచ్చగా ఉండే సమయం. విత్తడానికి ఇదే అదను. వేడినీళ్ళు, పొగ ఏమీ అవసరం లేదు. ముతక ఇసుక ఎక్కువగా కలిపిన మట్టిలో గింజ మందం లోతున వేసి, తడి ఆరకుండా చూసుకోండి. నెలా రెండు నెలల్లో మొలుస్తాయి.

పెర్త్‌పెరడు · జూన్ 2, ఉదయం 7:30

అక్కా, ముప్పై ఒకటి మొలిచాయి! ఒక్కొక్కటి ఒకే ఒక్క ఆకు, గరిక పోచంత. నల్లటి గింజ పెంకు ఇంకా పక్కనే పడి ఉంది. మా పాప రోజూ పొద్దున్నే లెక్కపెడుతోంది. నిన్న ముప్పై, ఇవాళ ముప్పై ఒకటి. మా అమ్మ ఫోనులో చూసి "ఈ గడ్డి కోసమా ఇంత హడావుడి" అంది. మొద్దు కింద బల్లి అలాగే ఉంది.

వీటిని ఎప్పుడు విడదీసి వేరే కుండీల్లో పెట్టాలి? లోతైన కుండీ కావాలా, వెడల్పుదా?

విత్తనాలబుట్ట · జూన్ 2, ఉదయం 8:10

లోతైనది. వేరు ముందు కిందికి పోతుంది. మూడో ఆకు వచ్చేవరకు కదపవద్దు. తీసేటప్పుడు వేరు చుట్టూ ఉన్న మట్టితో సహా చెంచాతో తీయండి. నేలలో పెట్టే చోటు ఇప్పుడే ఎంచుకోండి, తర్వాత మార్చడానికి వీలుండదు. పాప లెక్క రాసి పెట్టమనండి, ఏ రోజు ఏది మొలిచిందో.

రైతుబిడ్డ బ్రిస్బేన్ · జూన్ 2, మధ్యాహ్నం 12:40

అక్కా, ఇంకో పది గింజలు మిగిలి ఉంటే నాకూ చెప్పండి. రాష్ట్రం దాటించడానికి ఏం పత్రాలు కావాలో ఇక్కడి క్వారంటైన్ వాళ్ళను కనుక్కుని రాస్తాను.